రెండు జేబుల లెక్క

"వచ్చే నెల నుంచి ఇరవై రెండు వేలండీ" అన్నాడు భానుమూర్తి, ఇంకా చెప్పులు విప్పకుండానే.

ఇప్పుడు వస్తున్నది పదహారు. విజయవాడ సత్యనారాయణపురంలో ఆ మేడ భానుమూర్తిది. అందులో అద్దెకుంటున్న జయకృష్ణకు గవర్నరుపేటలో వ్యవసాయ మోటార్ల కొట్టు ఉంది. పదకొండు నెలల అగ్రిమెంటు తీరిన ప్రతిసారీ ఇద్దరికీ కుస్తీ తప్పదు. పోయినసారి వెయ్యి దగ్గర మొదలైన బేరం రెండు పూటలు సాగి రెండొందల దగ్గర తెగింది.

అందుకే ఈసారి భానుమూర్తి సరంజామాతో దిగాడు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. బెజవాడ ఎండలు పడక ఆరేళ్ల క్రితం విశాఖపట్నం చేరి, సీతమ్మధారలో ఓ ఫ్లాటు అద్దెకు తీసుకుని, భార్య హైమవతితో అక్కడే ఉంటున్నాడు. ఇక్కడ వచ్చేది పదహారు, అక్కడ ఇచ్చేది పన్నెండు. సముద్రపు గాలి పీల్చినందుకు ఎవరో నెలనెలా నాలుగు వేలు ఎదురిస్తున్నట్టు.

ఆ లెక్కను నిలబెట్టేవి రెండు కాగితాలు. ఎడమ జేబులోది జయకృష్ణ కోసం. అందులో తిరుపతి అద్దెలు, విశాఖ అద్దెలు, రాజధాని పేరు చెప్పి మంగళగిరిలో పెంచిన అద్దెలు. కుడి జేబులోది విశాఖలో తన ఇంటి ఓనరు తెరేసమ్మ కోసం. అందులో ఏలూరు, తెనాలి, బందరు, చల్లపల్లి. "చల్లపల్లిలో ఇంతకన్నా పెద్ద ఇల్లు ఐదు వేలండీ" అని ఏటా ఆవిడకు చదివి వినిపిస్తాడు. ఆవిడ ఏటా తలూపుతుంది. ఆరేళ్లుగా ఆ పన్నెండు వేలు కదల్లేదు.

భానుమూర్తి కుర్చీలో సర్దుకుని కాగితం తీశాడు. "చల్లపల్లిలో..." అని నాలుక్కరుచుకున్నాడు.

"చల్లపల్లా మేష్టారూ?"

"మందుల చీటీ లెండి. అక్కడి డాక్టరు రాసింది" అంటూ దాన్ని కుక్కి, రెండోది తీశాడు. "తిరుపతి చూడండి. ఇలాంటి ఇల్లు ఇరవై నాలుగు."

"దేవుడు పక్కనుంటే అద్దె ఎక్కువే ఉంటుందండీ."

"ఇక్కడ మాత్రం కొండమీద అమ్మవారు లేదూ?"

జయకృష్ణ నవ్వాడు. అతని భార్య మనోజ్ఞ మజ్జిగ గ్లాసులు పెట్టి అక్కడే నిలబడింది.

"తిరుపతి మనకెందుకు గానీ, వైజాగ్ సంగతి చెప్పండి" అన్నాడు జయకృష్ణ.

"వైజాగా! ఆటో ఎక్కితే వంద. ప్లేటు ఇడ్లీ అరవై. అద్దెలైతే అసలు అడగొద్దు."

"అడుగుతున్నాను, చెప్పండి. మీరెంతిస్తున్నారు?"

పన్నెండు నాలుక చివరిదాకా వచ్చింది. అది బయటపడితే ఇక్కడి పదహారుకే ఎసరు. భానుమూర్తి మజ్జిగతో దాన్ని మింగేశాడు.

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరే!" జయకృష్ణ భార్యవైపు తిరిగాడు. "విన్నావా?"

"వింటున్నానండీ" అంది మనోజ్ఞ.

"మరి ఇల్లు దానికి తగ్గట్టే ఉంటుందా? పోయిన నెల మామిడిపళ్లు ఇవ్వడానికి వచ్చినప్పుడు పైపైన చూశాను. గోడలేమన్నా కారతాయా?"

గోడలు కారుతున్నాయని తెరేసమ్మ దగ్గర మూడేళ్లుగా మొత్తుకుంటున్నాడు భానుమూర్తి. "చుక్క కారదు" అన్నాడు.

"నీళ్లు?"

"ఇరవై నాలుగ్గంటలూ."

"లిఫ్టు?"

"ఆగిన రోజు లేదు. అబద్ధం చెప్పే వయసా ఇది?"

"అయినా ఇరవై ఆరంటే కాస్త ఎక్కువేమోనండీ."

"ఎక్కువేంటయ్యా! బయట ముప్పై చెబుతున్నారు. మా ఓనరు మెతక మనిషి కాబట్టి సరిపోయింది."

ఫోను మోగింది. తెరేసమ్మ. వారం నుంచి రోజూ చేస్తోంది. అద్దె పెంచమని అడగడానికేనని ఆయన ఎత్తడం మానేశాడు. ఇప్పుడూ కట్ చేశాడు.

"ఎత్తండి మేష్టారూ, ముఖ్యమేమో."

"బ్యాంకు వాళ్లయ్యా. లోను కావాలా అని ప్రాణం తీస్తున్నారు."

జయకృష్ణ మజ్జిగ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "సరే. ఇరవై రెండూ ఇస్తాను."

భానుమూర్తికి చెవులు పనిచేస్తున్నాయో లేదో తెలియలేదు. ఆయన మనసులో అనుకున్నది పదిహేడున్నర. కొట్టులో నట్టు దగ్గర రూపాయి వదలని మనిషి ఆరు వేలు ఒక్క మాటలో వదిలేశాడు!

"కాకపోతే ఒకటి. ఇప్పుడు చెప్పిందంతా మీ చేత్తో రాసివ్వాలి. మా ఆవిడకి లెక్క చూపించాలి."

"ఆవిడ ఇక్కడే విన్నారుగా!"

"నోటిమాట నమ్మే మనిషి కాదండీ."

మనోజ్ఞ నవ్వి పెన్ను అందించింది. అగ్రిమెంటుతో పాటు ఓ తెల్లకాగితం మీద భానుమూర్తి గుండ్రటి అక్షరాలతో రాశాడు. సీతమ్మధారలో తాను ఉంటున్న ఫ్లాటు అద్దె నెలకు ఇరవై ఆరు వేలు. అది న్యాయమైన అద్దె. గోడలకు, నీళ్లకు, లిఫ్టుకు ఏ లోపమూ లేదు. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి వేసి, తేదీతో సహా సంతకం పెట్టాడు.

ఇరవై రెండులోంచి పన్నెండు పోతే పది. సముద్రపు గాలి ఇప్పుడు నెలకు పది వేలు ఎదురిస్తోంది! హైమవతికి కొత్త ఏసీ కొనిపెట్టాలనుకుంటూ ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

జయకృష్ణ ఆ తెల్లకాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మనోజ్ఞ చేతికిచ్చి, "ఇక ఆ తెరేసమ్మ గారి ఫోను ఎత్తండి మేష్టారూ, మీరుంటున్న ఫ్లాటు మాకు అమ్మి, పోయిన గురువారం మా ఆవిడ పేరున రిజిస్టరు చేసేశానని చెప్పడానికే పాపం వారం నుంచి చేస్తున్నారు" అన్నాడు.