వరస తప్పని ఆట

కోర్టుకెక్కిన ప్రతి ఒక్కరికీ న్యాయం జరగాలని టైమ్‌కీపర్ పట్టుదల. కోర్టంటే పికిల్‌బాల్ కోర్టు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు డ్రైవర్లకి డ్యూటీ చార్టులు వేసిన చెయ్యి ఆయనది. ఆదివారం పొద్దుటి ఆటకి చార్టు వేయడం ఆయనకో లెక్కా?

కోర్టులు రెండు, మనుషులు పదహారుమంది. ఎనిమిదిమంది ఆడుతుంటే మిగతా ఎనిమిదిమందికీ బెంచీ. బంతి ఎవరి వైపు వస్తుందో చెప్పలేం గానీ, వంతు ఎవరిదో ఆయన చేతిలోని అట్ట చెబుతుంది. వారానికి మనిషికి మూడాటలు, ప్రతి ఆటకీ కొత్త జోడీ. అందరూ అందరితోనూ ఒక్కోసారి జోడీ కట్టేసరికి ఐదు వారాలు.

అంటే లైబ్రరీ మేడమ్‌తో ఆయన జోడీ ఐదు వారాలకోసారి. ఒక్క ఆట. పావుగంట.

ఆ పావుగంట కోసం ఆయన కాచుకుని ఉంటాడని దర్జీ కనిపెట్టేశాడు. కొలతలు తీసే కళ్లు కదా. ఆవిడ చేరిన రోజున టైమ్‌కీపర్ పేరైనా అడక్కుండా పదహారో గడిలో రాసేసుకోవడం వాడు చూశాడు. పైగా ఓసారి, ఇంట్లో కబుర్లు చెప్పుకోడానికి ఎవరూ లేరా బాబాయ్ అని అడిగితే, "మా ఇంట్లో మాట ఆగిపోయి రెండేళ్లయింది" అన్నాడాయన. పాపం, ఒంటరి మనిషి అనుకున్నాడు దర్జీ. అప్పట్నుంచీ ఒకటే ఎకసెక్కం.

"వరస కలపమంటావా బాబాయ్?"

"వరస అట్ట మీద ఉంది" అనేవాడు టైమ్‌కీపర్. మొహంలో ఏమీ ఉండేది కాదు.

ఈ ఆదివారం ఆ ఆట రానే వచ్చింది. దాంతోపాటు దర్జీ బావమరిది కూడా వచ్చాడు, కొత్త బ్యాటు భుజానేసుకుని. కొత్తవాళ్లొస్తే చార్టు వేసేవాడే తన ఆట వదులుకోవాలి. ఆ నియమం పెట్టింది టైమ్‌కీపరే.

ఆయన పెన్సిల్ తిరగేసి, వెనకున్న రబ్బరుతో తన గడి చెరపబోయాడు. బాధేమీ అనిపించలేదు. అనిపించడం మానేసి చాన్నాళ్లయింది. చెయ్యి మాత్రం గడి మీదే కాసేపు ఆగిపోయింది.

బెంచీ మీద లేసులు కట్టుకుంటున్న లైబ్రరీ మేడమ్ తలెత్తలేదు.

"ఐదు వారాలకి వచ్చిన వంతు. చెరపకండి" అంది.

దర్జీ నోరు తెరిచాడు. లైబ్రరీలో అందరి నోళ్లూ మూయించే మనిషి నోటి వెంట అంత పొడుగు మాట వాడెప్పుడూ వినలేదు. తన ఆట బావమరిదికి ఇచ్చేశాడు. ఇవ్వకపోతే ఇంటికెళ్లాక వీడి అక్క తనని ఆడుకుంటుందని చెప్పి, బెంచీకి అతుక్కుపోయాడు.

ఆట మొదలైంది. జోడీ కట్టాక మాట్లాడక తప్పదు. బంతి ఎవరిదో పైకి చెప్పాలి.

"మీది" అంది ఆవిడ. ఆయన కొట్టాడు.

"నాది" అన్నాడు ఆయన. ఆవిడ పక్కకి జరిగింది.

"వదిలేయండి, బయటికి పోతుంది." వదిలేశాడు. బయటికే పోయింది.

వలకి ఇవతల ఏడడుగుల దూరంలో ఓ గీత ఉంటుంది. ఆ గీత లోపలి జాగాని కిచెన్ అంటారు. అందులో నిలబడి, నేల తాకని బంతిని కొట్టకూడదు. ఆయన రెండుసార్లు కొట్టాడు. రెండుసార్లూ నష్టమే.

"కిచెన్‌లో మీకేం పని?" అంది ఆవిడ, ఆయన వైపు చూడకుండా.

"పొరపాటు."

"గీత చూసుకోండి."

"పెళ్లి కాకుండానే వంటింటి తగువు" అని బెంచీ మీద దర్జీ నవ్వాడు. మిగతా ఎనిమిదిమందీ నవ్వారు.

పదకొండు–నాలుగు. ఓడిపోయారు. ఆనవాయితీగా బ్యాటుకి బ్యాటు తాకించారు. ఆయన అట్ట మీద ఆ గడికి టిక్కు పెట్టాడు. మళ్లీ ఐదు వారాలు.

ఆవిడ ఆటో ఎక్కి వెళ్లిపోయింది. ఆయన ఎప్పట్లాగే బస్సు కోసం నిలబడ్డాడు.

బస్సు దిగి, మూడంతస్తులెక్కి, తన తాళంచెవితో తలుపు తీసి, గుమ్మంలో లైబ్రరీ మేడమ్ విడిచిన బూట్ల పక్కన తన బూట్లు విడిచి, వంటింట్లో భార్య వంతు అయ్యేదాకా రోజూలాగే హాల్లో కూర్చున్నాడు.