కింది అంతస్తు

"దీని పేరు తీసెయ్," అన్నాడు రాజేశ్వర్.

పక్కనే నిలబడ్డ భార్య గంగమణిని చూసి కాదు, చేతిలోని చాయ్ కప్పును చూసి అన్నాడు.

ఇన్సూరెన్సు ఏజెంటు మహిపాల్ రాయడం ఆపాడు. ఈ ఏడాది టాప్-అప్ పాలసీ ప్రీమియం ఇరవై ఆరు వేల నుంచి నలభై ఒక్క వేలకు పెరిగిందని చెప్పడానికి పొద్దున్నే వచ్చాడతను.

ఆ ఇంట్లో పాలసీలు రెండు. ముప్పై మూడేళ్ల బ్యాంకు నౌకరీ చేసి రిటైరైనందుకు బ్యాంకు ఇచ్చిన ఐదు లక్షల పాలసీ ఒకటి. దాని మీద రాజేశ్వర్ తీసుకున్న టాప్-అప్ ఇంకొకటి. రెండింట్లోనూ ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

"బ్యాంకు పాలసీ కింది అంతస్తు, ఇది మీది అంతస్తు అన్నా. ఖర్చు ఐదు లక్షలు దాటితేనే ఇది అందుకుంటది," అని మహిపాల్ అప్పటికే రెండుసార్లు చెప్పాడు. దారులు కూడా చెప్పాడు. పెరిగింది కట్టేయొచ్చు. ఐదు లక్షల హద్దును పదికి పెంచితే ప్రీమియం తగ్గుతుంది గాని, నడుమ ఐదు లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. వేరే కంపెనీకి మారాలంటే నలభై ఐదు రోజుల ముందే అడగాల్సింది, ఇప్పుడు గడువుకు పన్నెండు రోజులే మిగిలాయి. ఇక చివరిది, ఒక పేరు తీసేయడం.

రాజేశ్వర్ ఆలోచించింది సగం కప్పు చాయ్ సేపు.

"వదినకు వాల్వు..." అన్నాడు మహిపాల్ మెల్లగా. రెండేళ్లలో ఆమె గుండె వాల్వు మార్చాలనీ, ఎనిమిది లక్షలవుతుందనీ నిజామాబాదు డాక్టరు చెప్పిన సంగతి అతనికి తెలుసు.

"దానికేం గాదు. గట్టి పాణం." తన మాటకు తనే నవ్వుకున్నాడు రాజేశ్వర్.

గంగమణి తనలో కోపం కోసం వెతుక్కుంది. దొరకలేదు. పొద్దుటి గచ్చులాంటి చల్లదనమొకటి పాదాల నుంచి పైకి వచ్చింది. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లుగా వింటున్న మాటే. ఇవాళ కాగితం మీదికి ఎక్కుతోంది, అంతే.

"ఒక్కసారి తీస్తే మళ్ల ఎక్కియ్యరు వదినా. ఈ వయసుల, బీమారి తెల్సినంక అసలే ఎక్కియ్యరు," అన్నాడు మహిపాల్ ఆమె వైపు తిరిగి.

"కింది అంతస్తు లేనోళ్లు గూడ మీది అంతస్తు తీసుకుంటరా?" అడిగింది గంగమణి.

"దీనికెందుకు గివన్ని," అని విసుక్కున్నాడు రాజేశ్వర్.

"తీసుకుంటరు వదినా. గాని మొదటి ఐదు లక్షలు సొంతంగ పెట్టుకోవాలె. గిప్పుడు అన్న గుండెకు ఏసే స్టెంటే చూడు. మూడు లక్షల పని. కింది అంతస్తుల్నే అయిపోతది, మీదిదాంక రానే రాదు."

నస్రుల్లాబాద్‌లోని పొలంలో చెరకు కొట్టడం కాగానే ఆ స్టెంటు వేయించుకోవాలని రాజేశ్వర్ తేదీ కూడా అనుకున్నాడు. కప్పు కింద పెట్టి సంతకం చేశాడు. అతనొక్కడికి ఇరవై రెండు వేలు.

"రేపు బ్యాంకు పాలసీ రెన్యువల్ కాగితం గూడ రాసిచ్చి రా. ఎప్పటి లెక్కనే," అన్నాడు భార్యతో. బ్యాంకు మెట్లెక్కడం అతనికి మొదటి నుంచీ నచ్చదు.

మర్నాడు గంగమణి బ్యాంకుకు వెళ్లింది. గార్డు దేవ్‌సింగ్ ఆమెను చూసి లేచి నమస్తే పెట్టాడు, కుర్చీ జరిపాడు. కౌంటరులో ఉన్న శ్రీలత కాగితాలు ఇచ్చింది. గంగమణి వేలి కొస తడి చేసుకుని చకచకా తిప్పింది. దారంతో కట్టిన పెన్ను ముట్టుకోలేదు. సంచిలోంచి తన పెన్ను తీసి రాసింది.

శ్రీలత చదివింది. తలెత్తి, మళ్లీ చదివింది.

"ఆలోచించుకున్నరా అక్కా?"

"ముప్పై ఎనిమిదేండ్లు," అంది గంగమణి.

ఇంటికొచ్చేసరికి రాజేశ్వర్ అరుగు మీద కూర్చుని చెరకు కూలీలతో ఫోను మాట్లాడుతున్నాడు. మాట ఆపకుండానే చెయ్యి చాపాడు. ఆమె బ్యాంకువాళ్లు ముద్ర వేసిచ్చిన నకలు ఆ చేతిలో పెట్టింది.

"అంతా సక్కగ రాసినవా?"

"నువ్వు నిన్న చెప్పినట్టే రాసిన."

అతను తలూపాడు. లోపలికెళ్లి కాగితాన్ని విప్పి చూడకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అందులో 'రిటైరైన ఉద్యోగి' అన్నచోట ఎప్పటిలాగే గంగమణి పేరుంది, 'భర్త' అన్నచోట ఆమె తన పెన్నుతో గీసిన అడ్డగీత ఉంది.