మూడు గళ్ల పుస్తకం

డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. ఎదురుగా కూర్చున్న తండ్రి గుండె తాడు తెగిన లిఫ్టులా జారింది. లిఫ్టులు బాగుచేయడమే ఆయన పని కాబట్టి, ఎన్ని అంతస్తులు జారిందో కూడా లెక్క చెప్పగలడు.

భయం ఉండదా మరి. సోమవారంలోగా ఆవిడ ఒక ఉత్తరం రాసివ్వాలి. ‘ఈ పిల్లవాడు కోపాన్ని గుర్తుపడుతున్నాడు, చల్లారే దారి నేర్చుకుంటున్నాడు’ అని. అది అందితే కొడుకు ఇప్పుడున్న స్కూల్లోనే ఉంటాడు. అందకపోతే పేరు కొట్టేస్తారు.

కొడుక్కి పదేళ్లు. సంతోషం వచ్చినా, కంగారు పుట్టినా చేతులు రెక్కల్లా ఆడిస్తాడని ఇంట్లో తూనీగ అంటారు. ఆటిజం ఉంది. పెద్ద చప్పుళ్లు పడవు. కంగారు తగ్గడానికి బరువైన దుప్పటి ఒకటి కప్పుకుంటాడు. ముందు చెప్పకుండా ఏదీ మార్చకూడదు. ఏ మాట చెప్పినా చెప్పింది చెప్పినట్టే పట్టుకుంటాడు. కోపమొచ్చి కేక పెట్టాడంటే మూడు వీధుల అవతల కుక్కలు మొరగడం మానేసి తోక ముడుస్తాయని ఇరుగుపొరుగు అంటారు. నాలుగు వీధులని తండ్రి వాదన. ఇంటి పరువు తగ్గించి చెబితే ఆయన ఊరుకోడు.

రెండు వారాల కిందట ముగ్గురూ వచ్చినప్పుడు డాక్టరమ్మ ఈ పుస్తకం బల్ల మీద పెట్టింది. పేజీకి మూడు గళ్లు. “ఇంట్లో కోపం వచ్చినప్పుడల్లా రాయండి. ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏమైంది. అందరిలోకీ ఓపిక ఉన్నవాళ్లు రాస్తే మంచిది” అంది. ఓపిక అన్న మాట వినగానే తండ్రి భార్య వైపు చూశాడు. అంతటితో తన వంతు అయిపోయిందనుకున్నాడు.

ఇవాళ తల్లి తూనీగ సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చింది. తూనీగేమో గది మూలన నేల మీద చతికిలబడి, డాక్టరమ్మ పెన్సిళ్లని పొట్టి నుంచి పొడుగుకి పేర్చుకుంటున్నాడు.

డాక్టరమ్మ చదవసాగింది. “శనివారం. ముందు: రిమోటు కనపడలేదు. చేసింది: సోఫా దిండ్లన్నీ విసిరాడు. తర్వాత: తను కూర్చున్న చోటే, కింద రిమోటు దొరికింది.”

“విసరడా మరి?” తండ్రి అందుకున్నాడు. “అవసరానికి రిమోటు కనపడకపోతే రుషులకైనా ఒళ్లు మండుతుందండీ.”

“ఆదివారం. ముందు: తన జట్టు ఓడిపోయింది. చేసింది: టీవీని తిట్టాడు. అన్నం వద్దన్నాడు. తర్వాత: బతిమాలితే రెండుసార్లు పెట్టించుకున్నాడు.”

“ఆ చివరి నిమిషం చూసుంటే మీరూ అన్నం మానేసేవారు.”

“సోమవారం. ముందు: కొత్త చెప్పు కరిచింది. చేసింది: తలుపుని తన్నాడు. తర్వాత: కాలు వాచింది. తలుపుదే తప్పన్నాడు.”

“ఆ తలుపు సంగతి మీకు తెలీదు. దాని బుద్ధే అంత.”

తల్లి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పైకప్పు వంక చూస్తోంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని తండ్రికి మరింత పౌరుషం వచ్చింది. ఉన్నదంతా పూసగుచ్చినట్టు రాయడం దేనికి, ఇప్పుడు ఏడవడం దేనికి?

“మంగళవారం. ముందు: ఫోను పక్కన పెట్టమన్నారు. చేసింది: ‘రెండే నిమిషాలు’ అని అరిచాడు. తర్వాత: నలభై ఏడు నిమిషాలు.”

“లోకంలో ఎవరి రెండు నిమిషాలు రెండే నిమిషాలండీ? మీరు మాత్రం, బయట మమ్మల్ని రెండు నిమిషాలనేగా కూర్చోబెట్టారు.”

డాక్టరమ్మ నవ్వు దిగమింగి పేజీ తిప్పింది.

“బుధవారం. ముందు: స్కూలు నుంచి ఫోను వచ్చింది. చేసింది: గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత: నేను కదిలించలేదు. లైటు ఆర్పాను. బరువు దుప్పటి తెచ్చి పక్కన పెట్టాను. ఇరవై దాకా లెక్కపెట్టాను. కప్పుకున్నాడు.”

తండ్రి చెయ్యి తనకి తెలియకుండానే నుదురు తడుముకుంది. మూలన పెన్సిళ్ల చప్పుడు ఆగింది.

డాక్టరమ్మ మిగతా పేజీలు గబగబా చూసింది. “రెండు వారాల్లో పదిహేడుసార్లు. నిజం చెప్పాలంటే, ఇది చూశాక ఉత్తరం రాయడం కష్టమండీ. తనకి కోపం వస్తోందనే ఇంకా తెలియడం లేదు. నేరమంతా రిమోటుదీ, తలుపుదీనూ.”

తండ్రి గుండె ఉన్న అంతస్తులన్నీ దాటి నేలమాళిగకి చేరింది. “పసివాడండీ. నేర్చుకుంటాడు.”

“అది సరే, ఇది రాసినవాళ్లకి మాత్రం దణ్ణం పెట్టాలి. ఎదుటి మనిషి కోపాన్ని చూసి బెదిరిపోకుండా, తిట్టకుండా, ఏం చేస్తే చల్లారుతుందో కనిపెట్టి మరీ చేశారు. నా పదిహేనేళ్లలో ఇంత బాగా ఎవరూ రాయలేదు.” తల్లి వైపు తిరిగింది. “మీరేనా?”

“నేను కాదండీ,” అంది తల్లి రుమాలు చాటునుంచే. “ఆయన రాస్తున్నారేమో అనుకున్నాను, ఇందాక మీరు చదివేదాకా.”

“నేనా?” తండ్రి తెల్లబోయాడు. “ఓపిక ఉన్నవాళ్లని కదండీ మీరన్నది.”

డాక్టరమ్మ వెనక్కి మడిచి ఉన్న అట్టని ముందుకి తిప్పింది. ఒకసారి చదివింది. మూల వైపు చూసింది. మళ్లీ చదివింది. పుస్తకం తండ్రి చేతిలో పెట్టి, తెల్లకాగితం ముందుకు లాక్కుని, ఆ ఉత్తరం చకచకా రాసి సంతకం పెట్టేసింది. మూలన తూనీగ రెక్కలు టపటపా ఆడుతున్నాయి.

అట్ట మీద అచ్చువేసిన గళ్లలో, స్కేలు పెట్టి గీసినంత తిన్నని అక్షరాలతో ఇలా ఉంది: “పిల్లవాడి పేరు: నాన్న. వయసు: నలభై ఒకటి. రాసినది: తూనీగ.”