చంకలో పిడుదు

"అడివికి పోయినాడా, పోలేదా? ఆ ఒక్క మాట చెప్పమ్మా," అని డాక్టరు పరంధామయ్య మళ్ళీ అడిగినాడు.

తాయమ్మ కొంగు నోటికి పెట్టుకోని తల అడ్డంగా ఊపింది. "లేదు సార్. మా ఇంటాయన తిరుమల కొండకు పోయి గుండు కొట్టించుకోని వచ్చినాడు. అంతే."

ఎదురుగా మంచం మీద ఆమె మొగుడు కుప్పయ్య ఒళ్ళు కాలిపోతా పడుండాడు. ముక్కులో కుక్కిన దూది ఎర్రగా తడిసిపోయింది. తెల్లారినప్పటి నుంచి నెత్తురు కక్కుతానే ఉండాడు. కార్వేటినగరం పక్క పల్లె నుంచి తిరుపతిలోని ఈ చిన్న నర్సింగ్ హోముకు జీపులో ఏసుకోని వస్తే, కడుపులో పుండు పగిలినట్టుండాది, కోసి చూడాల్సిందే అన్నారు. ఆపరేషనుకు తయారు చేస్తా ఉన్న నర్సమ్మకు కుప్పయ్య చంకలో ఒక పిడుదు కనబడింది. నెత్తురు తాగి తాగి చింతగింజంత అయ్యుండాది. దాన్ని చూసినప్పటి నుంచే డాక్టరు అడివి, అడివి అని పట్టుకున్నాడు.

తాయమ్మ కండ్లు మాత్రం డాక్టరు మీద లేవు. వాకిలి బయట బెంచీ మీద ఒక ఖాకీ చొక్కా ఆయన కూర్చోనుండాడు. భుజం మీద ఫారెస్టోళ్ళ బిళ్ళ. వీళ్ళు వచ్చేసరికే ఆయన ఆడ ఉండాడు. పక్కన పెట్టిన టీ చల్లారిపోయినా తాగడు, లేచి పోడు, తాయమ్మనే చూస్తా ఉండాడు.

జీపు దిగంగానే ఆ చొక్కాను చూసి ఆమె తమ్ముడు మునికృష్ణ బిక్కచచ్చిపోయినాడు. ఎర్రచందనం మాట నోట్లోంచి జారిందంటే బావ ఈడ్నించి నేరుగా జైలుకే అని అక్క చెవిలో ఊదినాడు. గుండు ఉండాది గదా, కొండ పేరు చెప్పు అన్నాడు. మందులు తెస్తానని పోయి పత్తా లేకుండా పోయినాడు. ఆ గుండు గీసింది తిరుమలలో కాదు, ఇంటి వెనక కల్లంలో, ఆ మునికృష్ణే. చెట్లు కొట్టి వచ్చినోళ్ళకు వాళ్ళ పల్లెలో అదొక అలవాటైపోయింది. గుండుతో వచ్చే మనిషిని దారిలో ఎవరాపుతారు? గోవిందా అని దారిస్తారు.

"పిడుదు గొడ్లది సార్. గొడ్ల కాడ పండుకుంటాడు," అనింది తాయమ్మ. వాళ్ళింట్లో గొడ్డూ లేదు, గోదా లేదు.

డాక్టరు స్టూలు లాక్కోని ఆమె ముందర కూర్చున్నాడు. కర్ణాటకలో షిమోగా వైపు అడవుల్లో ఒక జొరం ఉండాదని, పిడుదు కరిస్తే వస్తుందని నిదానంగా చెప్పినాడు. ముందు కోతులు చస్తాయంట. చచ్చిన కోతి మీద నుంచి దిగిన పిడుదులు దగ్గరికి పోయిన మనుషుల్ని పట్టుకుంటాయంట. ఈ పక్క అడవుల్లో ఆ జొరం ఉండాదని తానెప్పుడూ వినలేదంట.

"అదే అయితే కత్తి పెట్టకూడదమ్మా. పెడితే నెత్తురు ఆగదు, బల్ల మీదే పోతాడు. పుండే అయితే, కొయ్యకపోతే పోతాడు. నీ మాటను బట్టి నేను ఏదో ఒకటి చెయ్యాల."

కోతుల మాట వినంగానే తాయమ్మకు మొగుడు చెప్పింది గుర్తుకొచ్చింది. అడివి నుంచి వచ్చిన దినం కుప్పయ్య కంచం ముందర కూర్చోని ముద్ద ముట్టలేదు. యాడ చూసినా కోతులు చచ్చి పడుండాయే, ఆంజనేయస్వామికి ఏం కోపమొచ్చిందో ఏమోనే అన్నాడు. చూసీ చూడనట్టు దాటిపోతే పాపమని, ఒకదాన్ని చేతుల్తో ఎత్తుకోని పోయి, తన పైగుడ్డ కప్పి, గుంత తీసి పూడ్చి, దండం పెట్టుకోని వచ్చినాడంట.

ఆమె నోరు తెరిచింది. ఖాకీ చొక్కా కనబడింది. మూసుకునింది.

డాక్టరు లేచి బయటికి పోయి, ఆ ఖాకీ ఆయన భుజం మీద చెయ్యేసి ఏదో మెల్లగా అన్నాడు. ఆయన తల వంచుకున్నాడు. ఇంకేముంది, నన్ను గురించే అనుకునింది తాయమ్మ. నా నోటితోనే చెప్పించి కేసు రాసుకుంటారు అనుకునింది. మొగుడు చస్తా ఉంటే జైలు గురించి ఆలోచన చేస్తా ఉండానే, నేనొక ఆడదాన్నా అని తనను తానే తిట్టుకునింది.

స్ట్రెచ్చరు వచ్చింది. కుప్పయ్యను ఎత్తి పడుకోబెట్టినారు. చక్రాలు కదిలినాయి. ఆయన కండ్లు తెరిచి పెళ్ళాన్ని చూసి ఏదో అనబోతే, మాటకు బదులు నెత్తురు వచ్చింది.

తాయమ్మ పోయి స్ట్రెచ్చరుకు అడ్డం పడింది.

"పోయినాడు సార్. ఎర్రచందనం కొట్టను అడివికే పోయినాడు. చచ్చిన కోతిని చేతుల్తో ఎత్తి పూడ్చినాడు. కొయ్యద్దు సార్, నా బిడ్డల నాయన్ను కొయ్యద్దు."

డాక్టరు ఉన్నపాటున స్ట్రెచ్చరును వెనక్కి తిప్పించినాడు. ఒకరిని నెత్తురు తెమ్మని తరిమినాడు, ఇంకొకరిని ఆ జొరం సంగతి తెలిసిన బెంగుళూరు డాక్టర్లకు ఎస్టీడీ కలపమన్నాడు.

బెంచీ మీది ఖాకీ ఆయన లేచి లోపలికి వచ్చినాడు. తాయమ్మ పోయి ఆయన కాళ్ళు పట్టుకునింది.

"జైలుకు నేను పోతా సామీ. ఆయన్ను మాత్రం బతకనీ."

ఆయన ఆమె వైపు చూడలేదు. గోడ పట్టుకోని నిలబడి, డాక్టరుతో అన్నాడు:

"పొద్దున మీ బల్ల మీద పోయిన మా తమ్ముడు ఈమె మొగుడి జతలోనే అడివికి పోయినాడు సార్. నా ఉద్యోగం పోతుందని, వాడు ఇల్లు కదల్లేదని మీకు చెప్పింది నేనే."