ఉత్తుత్తి తన్నులు

మొదటి గుద్దు లింబాద్రి చెవి మీద పడింది. రెండోది ముక్కు మీద. స్టీరింగు వదలకుండానే అతను "అవ్వా!" అని అరిచాడు. యూనిఫాం చొక్కా మీద నెత్తురు బొటబొటా కారింది.

"నిన్న నా తమ్ముణ్ణి సైటు గేటు దగ్గర వదిలేసి వెళ్ళిపోతావా? ఆ ఎండలో నడిచొచ్చి పడిపోయాడ్రా! ఆసుపత్రిలో ఉన్నాడు, నన్నే గుర్తుపట్టట్లేదు!" అంటూ అప్పాజీ మళ్ళీ పిడికిలి ఎత్తాడు.

"నన్నేం జెయ్యమంటవ్? టైముకు బండి తియ్యకుంటే ముదీర్ జీతం కొయ్యకుండ ఊకుంటడా? బండి నడుస్తున్నది, ఇడువు!"

బండి నిజంగానే నడుస్తోంది. ఆ అరబ్బు దేశపు సజ్జా రోడ్డు మీద దూసుకుపోతున్న ఆ కూలీల బస్సులో ఉన్నది ముగ్గురే. మిగతావాళ్ళను ముందున్న క్యాంపు దగ్గర ఎక్కించుకోవాలి. మూడోవాడు సైఫ్, కడప మనిషి. వారంలో సగం యూనివర్సిటీలో సాఫ్ట్‌వేర్ డిగ్రీ చదువు, మిగతా సగం ఈ బస్సులు తయారుచేసి నడిపే కంపెనీలో అప్రెంటిస్ పని.

డ్రైవరు వెనక సీట్లోంచి సైఫ్ లేవలేదు. కొట్టేవాణ్ణీ చూడలేదు, కొట్టించుకునేవాణ్ణీ చూడలేదు. ఒళ్ళో ఉన్న ట్యాబ్ చూశాడు. తెర పచ్చగా ఉంది.

డ్రైవరు మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే పైనున్న కెమెరా తనంతట తానే కనిపెట్టాలి. తెర ఎర్రబడాలి, సైరన్ మోగాలి, బస్సు పక్కకి ఆగిపోవాలి. అదే సైఫ్ డిగ్రీ ప్రాజెక్టు. ఈ రోజే ఆఖరి పరీక్ష. పాసైతే పట్టా, ఇదే కంపెనీలో ఉద్యోగం. తప్పితే రెండూ గోవిందా. ముందు క్యాంపు దగ్గర ఇద్దరు మనుషులు ఉత్తుత్తి దాడి చేయాల్సి ఉంది. దేవుడు నిజం దాడినే పంపించాడని సైఫ్ లోలోపల సంబరపడ్డాడు కూడా!

"సైఫ్, ఏంటా అరుపులు?" ఫోన్లో అక్షయ గొంతు. ఆమె అతని మెంటర్. ఆఫీసులో పరీక్షాధికారి పక్కన కూర్చుంది. అక్కడికి వెళ్ళేది తెర రంగు ఒక్కటే. "నాకిక్కడ గ్రీనే కనిపిస్తోంది."

"నిజం దాడి మేడమ్! ఇప్పుడు పట్టుకుంటాది, సూడండి."

"నిజమా? పిచ్చా నీకు? ఎమర్జెన్సీ బటన్ నొక్కు!"

"నేను నొక్కితే మెషిన్ ఫెయిలైనట్టే గదా మేడమ్!"

అప్పాజీ మోచెయ్యి లింబాద్రి గొంతు చుట్టూ బిగిసింది. లింబాద్రి కనుగుడ్లు బయటికొచ్చాయి. యంత్రానికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

సైఫ్ ఏం తక్కువ చేశాడని? నెలల తరబడి కంపెనీలోని తెలుగు డ్రైవర్లను బతిమాలి, ఆపి ఉంచిన బస్సులో ఉత్తుత్తి దాడులు చేయించి వీడియోలు తీశాడు. దాడి అంటే ఏమిటో యంత్రం అవి చూసే నేర్చుకుంది. ఒకడు జుట్టు పట్టేవాడు, ఒకడు చెంప పగలగొట్టేవాడు. ఏ ఇద్దరి దెబ్బా ఒక్కలా ఉండేది కాదు. చివర మాత్రం అందరిదీ ఒకటే తంతు. కాలితో ఒక తన్ను తన్నడం, వెంటనే తన్ను తిన్నవాణ్ణి ముట్టుకుని ఆ చెయ్యి కళ్ళకద్దుకోవడం.

"కొట్టేవాడు ఎక్కడన్నా దండం పెడతాడా అన్నా?" అని సైఫ్ మొత్తుకుంటే, "ఉత్తుత్తికైనా కాలు తాకితే పాపం గాదా?" అని కసిరింది ఈ లింబాద్రే. యంత్రానికి పాపపుణ్యాలతో పనేముందిలే అని సైఫ్ ఊరుకున్నాడు.

బస్సు పక్కకి ఒరిగింది. రాసుకుంటూ పోయిన ట్రెయిలర్ హారన్ చెవులు పగిలేలా మోగింది.

"ఎర్రబడవే తల్లీ!" సైఫ్ ట్యాబ్‌ను బతిమాలాడు.

స్టీరింగు మీద నుంచి లింబాద్రి ఒక చెయ్యి జారిపోయింది. అద్దంలోంచి అతను సైఫ్ వంకే చూస్తున్నాడు. మనిషి ప్రాణం పోతుంటే తను రంగు కోసం కాచుకుని కూర్చున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

బటన్ నొక్కేసి ఎగిరి అప్పాజీ మీద పడ్డాడు. అప్పాజీ వెనక్కి విసిరిన మోచెయ్యి తగిలి సైఫ్ పెదవి చిట్లింది. అయినా వదలకుండా ఆ చేతిని కసుక్కున కొరికాడు. నోట్లో ఎవరి నెత్తురో తెలియలేదు. బస్సు కీచుమని ఇసుకలోకి దిగి ఆగింది. అప్పాజీ తల ఇనప కడ్డీకి ఠంగున కొట్టుకుంది.

లింబాద్రి స్టీరింగు మీద వాలి ఆగకుండా దగ్గాడు.

"నీ తమ్ముడు వెనక ఉరికొస్తున్నడని నాకెర్క లేదు తమ్మీ," అన్నాడు చివరికి, గొంతు పట్టుకుని. "అద్దంల జూసుంటే ఆపేటోణ్ణి. అవ్వ తోడు."

అప్పాజీ కింద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "వాడికేమన్నా అయితే ఇంటికి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యనన్నా? నా బుద్ధి గడ్డి తింది."

సైఫ్ కింద పడిన ట్యాబ్ తీశాడు. అద్దం పగిలింది. తెర ఇంకా పచ్చగానే ఉంది.

"మెషిన్ ఫెయిల్ మేడమ్. ఖలాస్," అన్నాడు ఫోన్లో.

"నీ మెషిన్ సంగతి తర్వాత. డ్రైవర్ ఎలా ఉన్నాడు?"

"బతికినాడు మేడమ్."

అప్పాజీ కడ్డీ పట్టుకుని లేవబోయాడు. తూలి, కాలు లింబాద్రి మోకాలికి తగిలింది. గబుక్కున వంగి ఆ మోకాలు ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకున్నాడు.

తెర భగ్గున ఎర్రబడింది, సైరన్ గొల్లుమంది: "డ్రైవర్‌పై దాడి! డ్రైవర్‌పై దాడి!"