రెండు ఊళ్ళ గాలి

ఏడో నంబరు మంచం మీది ముసలాయన ఆక్సిజన్ మాస్కు లాగేసి ఏదో అడగబోయాడు.

చైత్ర చేతిలోని ఫోను కిటికీ గట్టు మీద పెట్టి, మాస్కు మళ్ళీ ఆయన ముక్కు మీద సర్దింది.

కోలారులో ఆ ఆసుపత్రి మూడో అంతస్తు. మధ్యాహ్నం పూట పని తక్కువ. చైత్ర, ఆమెతో పనిచేసే నర్సు సౌభాగ్య, కిటికీ దగ్గర నిలబడి రెండు ఊళ్ళను తూచుకుంటున్నారు.

చైత్రకు రెండు చోట్ల ఉద్యోగం వచ్చింది. ఐర్లాండ్‌లో డబ్లిన్, న్యూజీలాండ్‌లో ఆక్లాండ్. ఈ వారంలోనే ఏదో ఒకదానికి సరే అనాలి.

ఫోనులో ఒక సైటు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తోంది. డబ్లిన్‌లో గది దొరకడమే కష్టం, దొరికినా జీతంలో సగం దానికే. ఆక్లాండ్‌లో అద్దె కొంత నయం, తిండి ఖర్చు ఎక్కువ, బస్సులు అంతంతమాత్రం.

టమోటా ధర చూసి సౌభాగ్య ఫోను లాక్కుంది.

"మన మార్కెట్లో పారబోసేవి ఒగ బుట్ట ఎత్తుకపోవే. ఆడ నగలకొట్టు పెట్టుకోవచ్చు."

చైత్ర నవ్వింది. ముసలాయన కూడా మాస్కు లోపల నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది.

ఆయన పేరు ఓబలప్ప. బంగారు గనిలో పనిచేసినవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందని డాక్టరు చెప్పాడు. గని మూతపడ్డాక ముళబాగిలులో ఒక లారీ షెడ్డులో ఉన్నాడు. షెడ్డువాళ్ళే తెచ్చి చేర్చి వెళ్ళిపోయారు. పెళ్ళి చేసుకోలేదు. చూడటానికి ఎవరూ రాలేదు.

చేరిన రోజే ఆయన చైత్రను అడిగాడు.

"నీ మాట మా గనుల పక్క మాట మాదిరుండాది. మీది యా లైనమ్మా?"

కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, కార్మికుల ఇళ్ళ వరసల్ని లైన్లంటారు. అక్కడ పేరు కంటే ముందు లైను అడుగుతారు.

చైత్ర పుట్టి పెరిగింది అలాంటి లైనులోనే. ఒకటే గది, రేకుల కప్పు, వరసంతటికీ ఒకటే కొళాయి. రోజూ అక్కడినుంచే బస్సెక్కి వస్తుంది. కాలేజీలో ఒకమ్మాయి అదంతా విని, "అంటే గుడిసెలా?" అంది. అప్పటి నుంచి ఊరి సంగతి ఎవరడిగినా, చైత్ర ఆలోచించేలోపే ఆమె నాలుక జవాబు చెప్పేస్తుంది.

"మాది బెంగళూరు తాతా."

ఆయన గోడ వైపు తిరిగాడు.

"ఊరికే అడిగినాలేమ్మా. మా లైనోళ్ళు ఒగరన్నా అగుపడతారేమోనని. పొయ్యేలోపల నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒగరొస్తే సాలు."

ఆ తరువాత వార్డులోకి వచ్చినవాళ్ళందరినీ అడిగాడు. ఊడ్చే ఆమెను, పక్క మంచాల చుట్టాలను, మందులు తెచ్చేవాళ్ళను. చైత్రను మాత్రం మళ్ళీ అడగలేదు.

నిజం చెబుదామని ఆమె రోజూ అనుకుంది. పెద్ద అబద్ధమైతే ఒప్పుకుని ఏడవొచ్చు. ఇంత చిన్నదాన్ని వెనక్కి తీసుకోవడానికి సిగ్గేసింది.

ఇప్పుడాయన మళ్ళీ మాస్కు జరిపాడు.

"ఆ రెండు ఊర్లలో గాలి యాడ బాగుంటాదమ్మా?"

సౌభాగ్య ముసిముసిగా నవ్వింది. చైత్ర ఫోను తీసి చూసింది. సైటులో అన్నిటికంటే అడుగున గాలికి కూడా ఒక వరస ఉంది. ఇన్నాళ్ళూ ఆమె అంతదూరం చూడలేదు.

"ఆక్లాండ్‌లో అంట తాతా. పక్కనే సముద్రం."

"అట్లయితే ఆడికే పో. అద్దె ఎక్కువైతే ఇంగొకరితో గది పంచుకోవచ్చు. కూరలు పిరమైతే మజ్జిగ కలుపుకోని తినొచ్చు." ఊపిరి కోసం ఆగాడు. "గాలికి అట్లా సర్దుకోలేమమ్మా."

ఆ సాయంత్రమే ఆమె ఆక్లాండ్‌కు సరేనంది.

రేపు ఆయనకు ఆ మాట చెప్పాలి. ఆ వెంటనే, నవ్వుతూ, తన లైను పేరు కూడా చెప్పేయాలి. బస్సులో ఇంటికి పోతూ ఆ మాటలు మనసులో చాలాసార్లు కూర్చుకుంది.

మరునాడు డ్యూటీకి వచ్చేసరికి ఏడో నంబరు మంచం మీద దుప్పటి లేదు. పొద్దున్నే పోయాడట. ఆయన్ను పడుకోబెట్టిన స్ట్రెచరు వరండాలో ఉంది. షెడ్డువాళ్ళు ఫోను ఎత్తడం లేదు. వార్డుబాయ్ పాండు వచ్చేపోయేవాళ్ళను పిలిచి ఈయన తెలుసా అని అడుగుతున్నాడు.

ఆ సాయంత్రం చైత్ర నాన్న ఆంజనప్ప వచ్చాడు. కూతురి ప్రయాణానికి పెట్టె కొనాలని ఇద్దరూ అనుకున్నారు. అరవై దాటినా మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు, ఆయాసం లేదు.

పాండు ఆయననూ అడిగాడు. ఆంజనప్ప వంగి చూశాడు.

"ఓబలా," అన్నాడు.

మళ్ళీ పిలిచాడు, షిఫ్టుకు వేళయిందని నిద్రలేపుతున్నట్టు.

"నీకు తెలుసా నాయనా?" చైత్ర అడిగింది.

ఆంజనప్ప స్ట్రెచరు అంచు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"గని మూసినాక వీనికోసరం ఎన్ని ఊర్లు తిరిగినానో. యాడా అగుపడలేదు."

కూతురి వైపు చూడకుండా అన్నాడు.

"నాకు పెండ్లయిన నాటి నుంచి నన్ను రాయి తొలిచే డ్రిల్లు ముందర నిలబడనీలేదు పాపా, ఇంటికాడ పెండ్లాముండాది, రేపు బిడ్డ పుడతాది, నువ్వు ఎనక్కి పో అని తోసేసి, మా ఇద్దురి దుమ్మూ వీడొక్కడే పీల్చినాడు."