ఒకరు తక్కువ

“బాబాయిగారూ, మళ్ళీ వెనకబడ్డారా? మీవల్ల ఇంతమందీ ఎండలో మాడుతున్నారు!” సముద్రతీరపు పాతకోట ద్వారం వద్ద, యాత్రికులకు కోట చూపించే గైడమ్మ వృద్ధుణ్ణి కసిరింది. “రోజూ ఇదే వరస. ఈ రాజుల వంశచరిత్రంతా నాకంటే మీకే బాగా వచ్చు. రేపట్నుంచి ఇక రాకండి.”

వృద్ధుని ముఖం వాడిపోయింది.

“రాజుల కోసం కాదమ్మా. ప్రతి ద్వారం దగ్గరా తలలు లెక్కపెట్టి, ‘ఒకరు తగ్గారే’ అని నన్ను కేకేస్తావు చూడు, అందుకోసం వస్తున్నాను. ఇంట్లో నేను తప్పిపోయినా వెతికే దిక్కు లేదు.”

ఆమె ఓడలకు దారి చూపే పాత దీపస్తంభం వద్దకు అందరినీ నడిపించింది.

స్తంభం చాటున నక్కిన ఆయన చొక్కా అంచు ఆమెకు స్పష్టంగానే కనబడుతోంది. అయినా అరచేతిని కళ్ళకు అడ్డుపెట్టుకొని, కడలిఘోషను మించిన గొంతుతో పిలిచింది:

“బాబాయిగారూ! ఎక్కడున్నారూ?”